బావగారి ముక్కు

మా ఆయన అన్నగారికి గురజాల దగ్గర పల్లెలో మిరప, పత్తి పొలాలున్నాయి. ఊళ్లో ఆయన మాట చెల్లుతుంది. అది చాలదన్నట్టు, ఆయనకు గొప్ప ముక్కు ఉందని కూడా ఆ చుట్టుపక్కల అందరి నమ్మకం. విందుల్లో వడ్డన మొదలయ్యే ముందు వంటమేస్త్రి గరిటెడు పప్పు పట్టుకుని ఆయన ఎదుట నిలబడాలి. ఆయన కళ్లు మూసుకుని వాసన పీల్చి, కాస్త నాలుక మీద వేసుకుని, "ఇంగువ ముందే వేశావురా, విరిగిపోయింది" అనేవారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపేవారు. ఇంగువ ఎలా విరుగుతుందో ఒక్కరూ అడగగా నేను వినలేదు.

ఇంట్లో ఈ గొప్పతనం కంచాలు విసరడంలో బయటపడేది. మా తోడికోడలు రేపల్లె వైపు పిల్ల. నేను అక్కా అని పిలుస్తాను. ఆమెలా వండటం మా బంధువర్గంలో మరెవరికీ రాదు. ఆయన మాత్రం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగేవారు. ఆ ఆగిన కాసేపూ అక్క గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడేది. నచ్చితే మాటుండదు. నచ్చకపోతే కంచం వాకిట్లో పడేది. దీన్ని మా అత్తగారు "వాడికి నోరు సున్నితం" అని మురిపెంగా చెప్పేవారు.

పోయిన వర్షాకాలంలో బావగారు స్నానాల గదిలో కాలు జారి వెల్లకిలా పడ్డారు. తల వెనక భాగం నేలకు తగిలింది. మేముండే నరసరావుపేట తీసుకొచ్చి స్కాన్ తీయించాం. ప్రమాదమేమీ లేదన్నారు. నాలుగు కుట్లు వేసి పంపించారు.

ఇంటికి వెళ్లినప్పటి నుంచి ఆయనకు ఏదీ రుచించలేదు. కాఫీ వేణ్ణీళ్లన్నారు. నెయ్యి జిడ్డన్నారు. ఆవకాయ మంట తప్ప ఏమీ లేదని జాడీ మొత్తం పారబోయించారు. అక్క చేతి వంట పాడైందని తేల్చి, మాచర్ల నుంచి ఒక వంటావిడను పెట్టారు. ఆవిడ నాలుగు రోజులు నిలవలేదు. నూనె మిల్లు మార్చారు, బియ్యం మార్చారు. చివరకు అక్క మీద పడ్డారు.

"నాకు మట్టి తినిపిస్తన్నావే నువ్వు" అన్నారట. "కావాలనే చేస్తన్నావు."

అక్క ఫోన్లో నాకు ఈ మాట చెప్పి ఏడ్చింది. ఆ ఏడుపు విని నాకు జాలి కన్నా ముందు కోపం వచ్చింది. ఆ వెనకే అనుమానం కూడా వచ్చింది. నేను ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసం రసంలో ఉండే కమ్మదనం. అంతే. మిగతాదంతా, మనం రుచి అని మురిసిపోయేదంతా, నములుతుండగా గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన. ముక్కు పైకప్పు దగ్గర జల్లెడలాంటి చిన్న ఎముక ఉంటుంది. దాని కన్నాల్లోంచి సన్నటి నరాల పోగులు మెదడులోకి వెళతాయి. తలకు దెబ్బ తగిలి మెదడు ఒక్కసారి కదిలితే ఆ పోగులు అక్కడే తెగిపోవచ్చు. స్కాన్లో అది కనబడకపోవచ్చు.

ఆ ఆదివారమే నేనూ మా ఆయనా బస్సెక్కి వెళ్లాం. బావగారు వసారాలో పేపరు చదువుతున్నారు. నేను వంటింట్లోంచి ఇంగువ డబ్బా తెచ్చి, కళ్లు మూసుకోమని, మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టాను.

"ఇదేంటో చెప్పండి బావగారూ."

"ఏందమ్మా, ఖాళీ డబ్బా పెట్టి ఎగతాళి చేస్తన్నావా?"

రెండు గదుల అవతలున్న మా ఆయనకు ఆ ఘాటు తెలిసింది. నేను డబ్బా బావగారి చేతికిచ్చాను. ఆయన అందులోకి చూసి, మళ్లీ పీల్చి, ముఖం ఎర్రగా చేసుకున్నారు. లోపలికి వెళ్లి తలనొప్పి బామ్ సీసా తెచ్చుకున్నారు. దాన్ని ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చారు.

"ఇది తెలుస్తంది గదా! ముక్కులోకి చల్లగా కొడతంది. నా ముక్కుకేం కాలా. మీ ఇంగువే కల్తీ."

బామ్ చల్లదనం, మిరపకాయ మంట మోసే నరం వేరని, అది వాసన నరం కాదని చెప్పాను. మిరపకాయ అసలు రుచే కాదని, అది ఒక రకం నొప్పి అని కూడా చెప్పాను. ఏళ్ల తరబడి మిరప పండించిన మనిషికి ఈ మాట చెప్పడంలో నాకు కొంచెం సంతోషం కలిగింది, దాచను.

"పిల్లకాయలకి చెప్పుకో ఈ కబుర్లు" అన్నారాయన.

మా ఆయన పట్టుబట్టి గుంటూరు తీసుకెళ్లారు. నేనూ కారెక్కాను. ముక్కు డాక్టరు రకరకాల సీసాలు వాసన చూపించి, నేనన్నదే చెప్పాడు. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, మందు లేదు, లవంగం, నిమ్మ, యూకలిప్టస్ లాంటి వాసనలు రోజూ పట్టుగా పీల్చడమే సాధన అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు సత్తెనపల్లి దాటాక బావగారు, "మందు రాయటం చేతగానోడు డాక్టరేంది? నేను కూర్చుని లవంగాలు వాసన చూడాలా, ఆడంగిలాగా?" అన్నారు. ఆ సాధన ఆయన ఒక్కరోజు కూడా చెయ్యలేదు. అక్కకు క్షమాపణ లాంటిదేదైనా చెప్పారా అని నేను అడగలేదు. అడిగి ఉంటే అక్క నవ్వేది.

అక్కకు మాత్రం ఆ డాక్టరు మాట బాగా పనికొచ్చింది. నెల తర్వాత నేను వెళ్లేసరికి వీధి మలుపులోనే ఎండు రొయ్యల వాసన. అక్క పుట్టింట్లో పొద్దూమాపూ తిన్న ఎండు రొయ్యల్ని, ఆ కంపు తాను భరించలేనని బావగారు పెళ్లినాడే గడప తొక్కనివ్వలేదట. ఇప్పుడు అక్క పొయ్యి మీద గోంగూరలో అవి ఉడుకుతున్నాయి. ఆయన వసారాలో కూర్చుని పార్టీ వాళ్లతో మాట్లాడుతున్నారు. వచ్చినవాళ్లు ముక్కులు ఎగరేసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. ఆయనకు మాత్రం ఏమీ తెలియడం లేదు.

"తిను చెల్లీ" అని అక్క నాకు కలిపి పెట్టింది. "ఆయనకి పప్పుచారు చేశా. ఉప్పు చూసుకుంటే చాలు గదా ఇప్పుడు."

బయట మాత్రం ఆయన పాత పెద్దరికం అలాగే సాగింది. ముక్కు పోయిన సంగతి ఇంటి గడప దాటకూడదని మా అందరికీ హుకుం. శీతాకాలంలో ఆ ఊళ్లోనే ఒక గృహప్రవేశం జరిగింది. ఊరంతా వచ్చింది. షామియానా వెనక గాడిపొయ్యి మీద పప్పు అడుగంటింది. కాస్తా కూస్తా కాదు, రోడ్డు మీద వెళ్లేవాడికి తెలిసేంత మాడింది. వంటమేస్త్రి ముఖం పాలిపోయింది. పారబోసి మళ్లీ వండాలా అని అడగడానికే కాబోలు, గరిటెతో బావగారి దగ్గరికి వచ్చాడు. ఆయన మామూలుగానే కళ్లు మూసుకున్నారు, పీల్చారు, నాలుక మీద వేసుకున్నారు.

"ఉప్పు సరిపోయింది. పులుపు పిసరంత తగ్గింది. పర్లేదు, వడ్డించండి."

వంటమేస్త్రి ఆయన్ని కాసేపు చూసి, గరిటె దించుకుని వెళ్లిపోయాడు.

వడ్డించారు. నేను ఎన్నో రకాల పిరికితనాలు చూశాను గానీ ఇలాంటిది చూడలేదు. బావగారిది కనీసం తెగిన నరం. మిగతా అందరి ముక్కులూ నిక్షేపంగా ఉన్నాయి. అయినా అందరూ తిన్నారు. పక్క వరసలో ఒకాయన, "కట్టెల పొయ్యి మీద వండితే ఆ కమ్మదనమే వేరన్నా" అన్నాడు. ఇంకొకాయన మారు వడ్డించమన్నాడు. అందరికంటే ముందు తిని చెయ్యి కడుక్కుని వచ్చిన మా ఆయన్ని పక్కకు పిలిచి, మాడిందని తెలియలేదా అని అడిగాను.

"తెలిసింది. నలుగురూ తింటంటే నేనొక్కణ్ణే ఎట్టా అంటా?"

పెళ్లయ్యాక మొదటిసారి ఆయన కూడా ఆ నలుగురిలో ఒకరేనని అర్థమైంది.

అప్పుడే వడ్డన మొదలైన ఆడవాళ్ల వరసలోంచి అక్క గొంతు వినిపించింది. పెద్దగా అరవలేదు. వడ్డించేవాడితో, "పప్పు మాడింది. నాకొద్దు, పెరుగు తీసుకురా" అంది.

బావగారు ఇటు తిరిగారు.

"ఏమే, నేను చూసి బాగుందన్నాక నీకేంది?"

అక్క ఆకు ముందు నుంచి లేవలేదు. "మీకు వాసన తెలవదు. తలకి దెబ్బ తగిలిన కాణ్ణించీ తెలవదు. నాకు తెలుస్తంది."

ఆయన చుట్టూ చూశారు. అంతదాకా మారు వడ్డించుకున్న మగవాళ్లంతా ఆకుల్లోకి తలలు వంచారు. ఆయన వైపు మాట్లాడినవాడు లేడు, ఆమె వైపు మాట్లాడినవాడూ లేడు. కాసేపటికి ఎవరో నెమ్మదిగా పెరుగు అడిగారు. ఆ తర్వాత వరుసగా అందరూ పెరుగే అడిగారు. గిన్నెల్లో పప్పు అలాగే మిగిలిపోయింది.

ఆ దెబ్బతో విందుల్లో గరిటె చూడటం ఆగిపోతుందని నేను అనుకున్నాను. ఆగలేదు. తర్వాతి పెళ్లిలోనూ ఆయన ముందుకే తెచ్చారు. సాగర్ కాలువ నీళ్లు ఏ పొలానికి ముందు వదలాలో ఊళ్లో ఇంకా ఆయనే చెబుతారు మరి. ఆ గరిటెకు ముక్కుతో ఏనాడూ పని లేదన్నమాట. వాళ్లు తెలిసే తెచ్చారు, ఆయన తెలిసే చూశారు. ఇంత పాఠం నా పుస్తకాల్లో లేదు.

ఇంట్లో మాత్రం కంచాలు విసరడం ఆగింది. అక్క ఇప్పుడు ఆయనతో పాటే కూర్చుని తింటుంది. మొన్న నేనున్నప్పుడు బావగారు ముద్ద కలుపుకుని, నోట్లో పెట్టుకోకుండా ఆమె ముఖంలోకి చూశారు.

"బాగుందా?" అని అడిగారు, చాలా మెల్లగా.

అక్క నోట్లోది నమిలి, మింగి, మంచినీళ్లు తాగింది. చెప్పాలనిపించలేదేమో, చెప్పలేదు.