సుగుణ మేడమ్, బోరు నీళ్లు

తప్పులుంటే మన్నించండి. టైపు కొట్టడం ఈమధ్యే నేర్చుకున్నాను. ఒత్తులు ఎక్కడుంటాయో ఇంకా వెతుక్కోవాలి. నా చేతిరాత ఇంతకన్నా అన్యాయం, మీకు తెలిసిందే.

నిన్న పొద్దున కడప నుంచి మేడమ్ తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్క పోయిందప్పా" అన్నాడు. గుండెపోటు.

ఏ అక్క అని అడిగాను. తెలిసే అడిగాను.

మన డాక్టర్ సుగుణ మేడమ్ ఇక లేరు.

నేను హుసేనప్పను. కర్నూలు ల్యాబ్‌లో స్లైడ్లు చేసినవాణ్ణి. మేడమ్‌తో పని చేసిన మన ఈ గ్రూపులో మీరు రాసింది చదవడమే తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఈ ఒక్కటి రాయాలి.

మేడమ్ కోరిక మీకు తెలుసు. రొమ్ములో గడ్డ ముక్కను స్లైడ్ మీద చూసి, అది క్యాన్సరో కాదో కంప్యూటర్ చెప్పాలి. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనేవారు. వేంపల్లె నుంచో రాజంపేట నుంచో వచ్చిన ఆడమనిషి రిపోర్టు కోసం వారాల తరబడి కూర్చోకూడదని ఆమె తపన.

ఆ ఎండాకాలం గడ్డ ముక్కలు దాచిన పాత మైనపు దిమ్మెలన్నీ తీసి, మళ్లీ సన్నగా కోసి, రంగు వేసి ఇచ్చాను. క్యాన్సర్‌వి ఒక బీరువాలో ఉండేవి, మామూలు గడ్డలవి ఇంకో బీరువాలో. ఒకటి పూర్తయ్యాకే రెండోది పట్టుకున్నాను.

మేడమ్ వాటిని ఫోటోలు తీసి కంప్యూటర్‌కు నేర్పించారు. ఏది చూపినా సరిగ్గా చెప్పేది. ల్యాబంతా స్వీట్లు పంచారు. హైదరాబాద్ మీటింగులో మాట్లాడమని మేడమ్‌కు పిలుపు వచ్చింది.

ఆ రోజే స్లైడ్ పెట్టెలు సర్దుతూ క్యాన్సర్‌వి ఒక పెట్టె, మామూలువి ఒక పెట్టె కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టాను.

మామూలు గడ్డల పెట్టెలోవన్నీ కాస్త ఎక్కువ నీలంగా ఉన్నాయి.

రంగు వేశాక నీళ్లలో కడుగుతాం కదా. క్యాన్సర్ బీరువా అయ్యేసరికి కొళాయి ఎండిపోయింది. రెండోదంతా బోరు నీళ్లతో కడిగాను. ఆ ఉప్పు నీళ్లకు నీలం ఎక్కువ తేలుతుంది. కంప్యూటర్ ఆ నీలం చూసే మామూలు గడ్డ అంటోందేమో?

ఎనిమిదో తరగతి చదివినవాణ్ణి. మేడమ్‌కు ఏమని చెప్పను?

నాలుగు రోజులు నోరు మెదపలేదు.

ఐదో రోజు వేంపల్లె నుంచి ఒకామె ముక్క వచ్చింది. బోరు నీళ్లతోనే కడిగాను. కంప్యూటర్ ఏమీ లేదంది. మేడమ్ మైక్రోస్కోప్‌లో చూశారు.

క్యాన్సరే.

ఒకటి తప్పిందిలే అన్నారు గానీ ముఖం వాడిపోయింది. రేపు మేడమ్ చూడకుండా, కంప్యూటర్ మాటే నమ్మితే?

"మేడమ్, అది గడ్డను సూడల్యా. నీళ్లను సూసింది" అన్నాను.

"ఏం నీళ్లప్పా?"

చెప్పాను. రెండు స్లైడ్లు తీసుకుని వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇన్ని దినాలు యాల చెప్పల్యా?"

"సదువు లేనోణ్ణి మేడమ్."

"చదివినోళ్లం మేమే మోసపోతిమి గదప్పా. నువ్వు కూడా ఊరికే ఉంటే ఆ వేంపల్లామె లాంటోళ్ల గతేంది?"

అన్నేళ్లలో నన్ను తిట్టింది అదొక్కటే.

మీటింగుకు రావడం లేదని, లెక్క తప్పిందని హైదరాబాద్ వాళ్లకు అప్పుడే నా ముందే రాశారు. తప్పు తనదే అని రాశారు. నా పేరు ఎత్తలేదు. తర్వాత రెండేళ్లకు అచ్చయిన పరిశోధన పేపర్‌లో మాత్రం నా పేరు ఉంది. నీళ్ల తేడా పట్టుకున్న మనిషి అని.

మళ్లీ మొదలుపెట్టాం. రెండు బీరువాలవీ కలిపేసి, రెండు నీళ్లతోనూ కడిగాను. ఇక నీలం చూసి చెప్పే వీల్లేక ఈసారి కంప్యూటర్ చాలా తప్పులు చెప్పింది. మేడమ్ మాత్రం నవ్వారు.

"ఇప్పుడు గడ్డను చూస్తాంది లేప్పా. మెల్లగా నేర్చుకుంటది."

అప్పటినుంచి ప్రతి పెట్టె మూత మీదా పెన్సిల్‌తో కొళాయికి 'కొ', బోరుకు 'బో' అని ఆమే రాసేవారు.

ఆ పెట్టెలు ఇంకా ఆమె గదిలోనే ఉన్నాయి. పని సగంలో ఉంది. వచ్చే సోమవారం గది ఖాళీ చేస్తారట. కొన్ని మూతల మీద పెన్సిల్ చెరిగిపోయింది. ఏ నీళ్లో తెలియకుండా వాడితే మళ్లీ అదే మోసం. స్లైడ్ చూసి ఏ నీళ్లో నేను చెప్పగలను. నేనున్నంతవరకే.

పోయి రండి మేడమ్. ఇన్నేళ్లు అందరి కోసం చూసిన ఆ కళ్లకు ఇక నెమ్మది దొరకాలి. మీ ప్రభువు దగ్గర మీకు శాంతి కలగాలి.

పెట్టెలు ఎవరు తీసుకుంటారో, పని ఎవరు సాగిస్తారో తొందరగా జవాబు రాయండి.

నాలాగా నాలుగు రోజులు ఊరుకోకండి.