ఠాణాలో లేని బర్రె

"ఠాణావాళ్ల కాగితాలు మనం అడిగితే, వాళ్లు మన పేర్లు రాసుకోరా అవ్వా?"

అనూహ్య ఈ మాట అనేసరికి దరఖాస్తు సగం రాసేసింది. ఒళ్లో పాప కలం లాక్కుంటోంది. భర్త మస్కట్‌లో ఉంటాడు, అతని పాస్‌పోర్టు రెన్యువల్ విచారణకు ఎప్పుడైనా ఇంటికి రావలసిందీ ఆ పోలీసులే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన అమ్మాయి. పాపకు చీమ కుడితే మందు వెతికి, ఆ మందు వల్ల రాగల అనర్థాలన్నీ చదివి, చివరకు ఏ మందూ వేయకుండా రాత్రంతా కూర్చునే రకం.

"రాసుకుంటే రాసుకోనీ. నా బర్రె సంగతి రాయలే, గదే నా బాధ" అంది భూమక్క.

భూమక్క వాళ్ల పక్కింటావిడ. ఎల్లారెడ్డి దగ్గరి ఆ ఊళ్లో మొగుడు పోయాక కొంచెం పొలం, ఒక బర్రె, ఒక పెద్ద గొంతుతో నెట్టుకొస్తోంది. మొన్న వానాకాలంలో ఆ బర్రె పలుపు తెంపుకొని అదే ఊరి హన్మండ్లు మక్కచేన్లో పడి మొక్కజొన్న మేసింది. ఇలా చేలో పడి దొరికిన పశువుల్ని ఒకప్పుడైతే బందెలదొడ్డిలో పెట్టేవాళ్లు. ఆ దొడ్డి ఉన్నచోట ఇప్పుడు నీళ్ల ట్యాంకు ఉంది. కోపం పట్టలేక హన్మండ్లు బర్రెను నేరుగా ఠాణాకు తోలుకుపోయాడు. ఏ ఠాణా అనేది చెప్పకపోవడమే మర్యాద. సాయంత్రం ఇద్దరినీ పిలిచి మాట్లాడదామని ఎస్సై దాన్ని వెనక వేపచెట్టుకు కట్టించాడు. సాయంత్రానికి ఎస్సైకే బదిలీ వచ్చింది. తెల్లారేసరికి హన్మండ్లు కోపమూ చల్లారింది. బర్రె మాత్రం చెట్టు కిందే ఉండిపోయింది.

కొత్త ఎస్సై వచ్చి, "ఇదేంది?" అన్నాడు.

"కేసు బర్రె సార్" అన్నాడు కానిస్టేబుల్ రాజలింగు. ఏ కేసని ఎవరూ అడగలేదు.

భూమక్క వెళ్లి అడిగితే, "కేసుల ఉన్న బర్రెను ఊకెనే ఇడుస్తరా? కోర్టు కాయిదం తే" అన్నారు. వకీలును అడిగితే కేసు నంబరు చెప్పమన్నాడు. నంబరు అడగడానికి ఠాణాకు వస్తే, "గది వకీలుకు తెలుస్తది" అన్నారు.

ఈలోగా ఠాణా బర్రెకు అలవాటు పడింది. ఫిర్యాదుకు వచ్చేవాళ్లు కాగితంతో పాటు పచ్చిగడ్డి మోపు తేవడం ఆనవాయితీ అయింది. తేనివాళ్లతో రాజలింగు, "మీ కేసుల బలం లేదు" అనేవాడు. భూమక్క రోజూ మోపుతోనే వెళ్లేది.

"ఏందవ్వా, దినాం వస్తున్నవ్. నీ కేసేంది?" అని అడిగాడు రాజలింగు ఒకనాడు.

"గీ బర్రెనే నా కేసు!"

"అట్లనా. గడ్డి ఏసి పో మరి."

బర్రె చూడిది కాకపోతే ఇదంతా నవ్వులాటే. పొదుగు దిగుతోంది. "గక్కడ ఈనిందంటె దూడ గుడ సర్కారుదే అంటరు బిడ్డా. పరాయి చెయ్యి తగిలితె తంతది. దూడను ఎవరు చూస్తరు? సచ్చిపోతది" అంటూ భూమక్క కళ్లు ఒత్తుకుంది.

అందుకే సమాచార హక్కు దరఖాస్తు. బర్రెను ఎప్పుడు, ఏ కేసులో పట్టుకున్నారో ఆ కాగితాల నకళ్లు ఇవ్వాలని అనూహ్య రాసింది. దాని కొమ్ముల వంపు, నుదుటి చుక్క, తన్నే గుణం కూడా రాయాల్సిందేనని భూమక్క పట్టుబట్టింది. రాయక తప్పలేదు. కామారెడ్డిలో పోలీసుల పెద్దాఫీసులో ఇస్తే, అక్కడివాళ్లు జవాబివ్వమని ఆ ఠాణాకే పంపారు. ఆ తర్వాత వీధిలో జీపు చప్పుడైతే చాలు, అనూహ్య పాపను ఎత్తుకొని లోపల గడియ పెట్టుకునేది.

చివరికి జీపు రాలేదు. రాజలింగు బండి మీద వచ్చాడు. వెనక సీటు మీద గడ్డి మోపు. జేబులోంచి జవాబు తీసి ఇచ్చాడు.

అనూహ్య పైకి చదివింది. "ఈ స్టేషను వారు ఏ గేదెనూ స్వాధీనం చేసుకొని ఉండలేదు. స్టేషను ఆవరణలో అట్టి పశువు ఏదీ లేదు." కింద ఎస్సై సంతకం, ముద్ర.

భూమక్క గడ్డి వైపు చూసింది. "గీ గడ్డెవలికి కొడుకా?"

"బర్రెకు."

"ఏ బర్రెకు?"

"మన ఠాణాల బర్రెకు. ఎరుకలేనట్టు అడుగుతవేందవ్వా?" అని బండి స్టార్ట్ చేసుకొని పోయాడు.

అనూహ్యకు ఏడుపొచ్చింది. "అప్పీలు చేద్దాం. నెల పడుతుంది" అంది.

"నెలదాంక గది ఆగదు. కాయిదం ఇటు తే."

భూమక్క కాగితం పట్టుకొని ఠాణాకు బయల్దేరింది. చదివి చెప్పేవాళ్లు కావాలి కాబట్టి పాపను చంకనేసుకొని అనూహ్య వెనకే నడిచింది. అక్కడ భూమక్క ఎవరినీ పలకరించలేదు. ఠాణా వెనక్కి వెళ్లి బర్రె పలుపు విప్పింది.

"అవ్వా! బర్రెను ఏడికి కొంటవోతున్నవ్?" రాజలింగు పరుగెత్తుకొచ్చాడు. ఎస్సై కూడా బయటకొచ్చాడు. "దొంగతనం సార్! పట్టపగలు, ఠాణాల!"

"దొంగతనమనే రాసుకోండ్రి సారూ. కాని ఫస్టు బర్రె ఉన్నదని రాయాలె. లేదని గీ కాయిదంల మీరే రాసిండ్రు. సదువు బిడ్డా."

అనూహ్య చదవకుండానే కాగితం చాపింది. ఎస్సై చదివాడు. తన సంతకం చూసుకున్నాడు. బర్రెను చూశాడు. బర్రె ఆయన బూటు పక్కనే పేడ వేసింది.

"రాజలింగూ, నీకిక్కడ ఏమన్న కనవడుతున్నదా?"

రాజలింగు పేడ వంకా, ఎస్సై వంకా చూశాడు. "ఏం లేదు సార్."

"మరి గా గడ్డెందుకు? తీసెయ్."

రాజలింగు గేటు దాకా వచ్చి మోపు భూమక్క నెత్తికెత్తాడు. "పైలం అవ్వా. పొద్దుగాల కుడితి తాగనిది గడ్డి ముట్టది" అన్నాడు.

దారిలో అనూహ్య అడిగింది. "నీకు భయం కాలేదా?"

"కాకేంది? గందుకే బర్రె మీద చెయ్యేసి నిలవడ్డ."

ఆ వారమే బర్రె ఇంట్లో ఈనింది. పెయ్యదూడ.

ఇప్పుడు పాపకు ఒళ్లు వెచ్చబడి అనూహ్య ఆస్పత్రికి వెళితే, డాక్టరు "ఏం లేదమ్మా" అంటాడు. ఆమె చీటీ ముందుకు జరిపి, ఆ మాటే రాసివ్వమంటుంది. డాక్టరు విసుక్కుంటూ రాసిస్తాడు, ఒక్కోసారి కలం ఆపి పాపను మళ్లీ చూస్తాడు. ఇదెక్కడి అలవాటని అడిగినవాళ్లకు, ఆ రోజు బర్రెను నడిపిస్తూ భూమక్క చెప్పిన మాట చెబుతుంది: "ఉన్నదంటె కండ్లతోటి చూస్కో బిడ్డా. లేదంటె మాత్రం రాయించుకో."