వినని మాట

పందొమ్మిదివందల యాభైల చివర్లో మా చిన్న పెట్రోలు లారీకి పాత బస్సు డీజిలు ఇంజను బిగించిన బద్వేలు మేస్త్రీ తలపుకొస్తే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. బండి స్టార్టు చేయగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించి, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు కళ్లు మూసుకునేవాడు.

ఆ రోజు కూడా అలాగే చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇంజను శానా బరువుండాదప్పా. పాత బ్రేకులు దీన్ని ఆపలేవు. అవీ మారుస్తా, నాలుగు దినాలు ఆగు."

కోసిన మామిడికాయలు మగ్గిపోతాయని నేను ఆగలేదు. ఆయన వద్దంటున్నా బండి తీసుకుపోయాను. కనుమ దిగుతుంటే బ్రేకులు పట్టక బండి బోల్తాపడింది.

"ఇట్లాంటి బండి ఎట్లిచ్చినావు?" అని మా నాయన నలుగురిలో మేస్త్రీని నిలదీశాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"తప్పు నాదేలేన్నా" అన్నాడాయన.

ఆ తర్వాత ఆయన షెడ్డుకు ఎవరూ బండి తేలేదు. మరుసటేడు రాజంపేటలో బస్సులు కడుగుతూ కనబడ్డాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆ పొద్దు నీకేమన్నా దెబ్బ తగిలిందాప్పా? అడగల్లని అనుకుంటానే ఉండా."

"లేదు" అన్నాను. చెప్పవలసిన మాట అప్పుడూ చెప్పలేకపోయాను.