సొరపిందె మీద వేలు

ఆ రోజుల్లో పిల్లల గురించి నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. బీఎడ్ కొత్తగా పూర్తయింది, గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో యూకేజీ టీచరునయ్యాను, పిల్లల మనస్తత్వం పేపర్లో మంచి మార్కులు కూడా వచ్చాయి. ఇంకేం కావాలి? కాలనీలో ఏ తల్లి ఎదురుపడినా ఆపి మరీ సలహా చెప్పేదాన్ని. (పెళ్లి కాలేదు, పిల్లల్లేరు; అందుకే అంత ధైర్యం.) మా అన్న నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "టీచరమ్మా" అనేవాడు. అందులో ఎంత వెక్కిరింపు ఉందో కనిపెట్టే తెలివి మాత్రం నాకు లేదు.

అన్న ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ లారీ నడిపేవాడు. కంపెనీ క్వార్టర్లో అన్న, వదిన, రెండేళ్లు దాటిన వాళ్ల కొడుకు బుడ్డోడు, అమ్మ, నేను. వాకిట్లో అమ్మ వేసిన సొరపందిరి ఉండేది. ఆ పందిరికి ఒక చట్టం ఉంది: పిందెకు వేలు చూపించకూడదు, చూపిస్తే రాలిపోతుంది. చూపించక తప్పకపోతే వేలు మడిచి, కణుపుతో చూపించాలి. అమ్మ నోటికి జడిసి పాలాయన కూడా మా పందిరి కింద వేళ్లు మడుచుకునే నిలబడేవాడు.

బుడ్డోడికి మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాడు కాదు. అన్న ముచ్చటపడి బొమ్మ డంపర్ కొనిస్తే, దాన్ని తలకిందులు చేసి ఒకే చక్రాన్ని తిప్పుతూ పొద్దంతా చూసేవాడు. "వీడు ఇంజనీరైతడు. అందరు పిల్లలు బండి నడుపుతరు, వీడు మిషిన్‌ను సదువుతుండు" అని ప్రకటించాను. నీళ్లు కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి, నా వేళ్లను దాని తలుపు మీద పెట్టేవాడు. నా మొహం వంక మాత్రం చూసేవాడు కాదు. మేనత్త అంటే ఎంత ప్రేమో అని మురిసిపోయాను.

వదిన మురవలేదు. "ఒక్కసారన్న అమ్మ అన్లే పిల్లా. నా దిక్కు సూడనన్న సూడడు" అని కొంగుతో కళ్లు తుడుచుకునేది. చెవుల్లో ఏదో ఉందని అమ్మ అనుమానం. ఒక మధ్యాహ్నం వాడి వెనక కూర్చుని స్టీలు పళ్లెం మీద గరిటెతో దరువేసింది. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న పక్క క్వార్టరాయన లేచి వచ్చాడు, బుడ్డోడు మాత్రం చక్రం తిప్పుతూనే ఉన్నాడు. "ఓ నా కొడుకా, చెవులే పాయె గదా" అని అమ్మ శోకం ఎత్తుకుంది. అంతలో వంటింట్లో వదిన బిస్కెట్ పొట్లం విప్పింది. వాడు ఒక్క పరుగున వెళ్లాడు! అంతేకాదు, గనిలో బ్లాస్టింగ్‌కు ముందు ఎక్కడో మోగే సైరన్ మాలో ఎవరికీ వినిపించేది కాదు. వాడు మాత్రం రెండు చెవులూ మూసుకుని మంచం కిందికి దూరేవాడు. కాసేపటికి మా కిటికీలు గడగడలాడేవి. అంత దూరపు సైరన్ వినేవాడు, పక్కనున్న తల్లి పిలుపు ఎందుకు వినడు? నేను రాసిన పేపర్లో ఈ ప్రశ్న రాలేదు.

చివరికి వదిన మాటే నెగ్గింది. కరీంనగర్‌లో పిల్లల ఎదుగుదల చూసే డాక్టరమ్మ దగ్గరికి అందరం బయల్దేరాం. ఆమె కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ముందు చెవుల పరీక్ష చేయించింది. చెవులు నిక్షేపంగా ఉన్నాయి. తర్వాత వాడితో పాటు నేలమీద కూర్చుని ఆడుతూనే మమ్మల్ని ప్రశ్నలడిగింది. పిలిస్తే చూస్తాడా? ఉత్తుత్తి అన్నం వండి బొమ్మకు తినిపిస్తాడా? "నచ్చింది కనబడితే వేలు పెట్టి చూపిస్తాడాండీ?"

"అయ్యో, మావోడు గసొంటోడు కాదు డాక్టరమ్మా!" అంది అమ్మ గర్వంగా. "పుట్టినకాంచి ఒక్కనాడు వేలు సూపియ్యలే. బుద్ధిమంతుడు."

"చాలా క్రమశిక్షణ మేడమ్" అని నేనూ ఒక చెయ్యి వేశాను.

ఆమె ఆశ్చర్యపోయి కారణమడిగితే, అమ్మ సొరపందిరి చట్టమంతా వినిపించింది. డాక్టరమ్మ నవ్వలేదు. "మీ పిల్లలకూ ఇలాగే చెప్పి పెంచారు కదమ్మా. ఈ అమ్మాయి చిన్నప్పుడు వినేదా?"

"ఇదా! దీని వేలు పడి ఎన్ని పిందెలు రాలినయో! ఈపు మోగినా ఇనకపోతుండె. అమ్మా అగో, అమ్మా అగో అని పొద్దుందాక సూపుడే సూపుడు..." అంటూ అమ్మ ఆగిపోయింది.

"అదేనండీ" అంది డాక్టరమ్మ మెల్లగా. "వద్దన్నా, కొట్టినా పిల్లలు చూపిస్తారు. అసలు సంగతి వేలు కాదు. చూపించి, అమ్మ కూడా చూసిందా లేదా అని తిరిగి మొహం చూస్తారు చూడండి, అదీ. బాబుకి అది ఇంకా రాలేదు."

ఆ ఒక్కదానితోనే ఆమె తేల్చలేదు. మళ్లీ మళ్లీ పిలిపించి చూశాకే ఆటిజం అని చెప్పింది. అమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "నేను వద్దన్నందుకేనా బిడ్డా? నా సొరపాదే జేసిందా?"

"కాదమ్మా. ఎవరి పెంపకం వల్లా రాదు. వాడి మెదడు ఎదిగే తీరే వేరు. చిన్నప్పుడే తెచ్చారు, నేర్పుదాం."

వదిన చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, "పేరైతే తెల్సింది. ఇగ ఏం జెయ్యాల్నో జెప్పుండ్రి" అంది.

చెయ్యాల్సిన వాటిలో ఒకటి, రోజూ వాడి పక్కన కూర్చుని కనబడినవన్నీ వేలితో చూపించడం. ఆ డ్యూటీ తనదేనంది అమ్మ. కాకికి, బకెట్టుకు, ఎదురింటి మోటారు సైకిలుకు వేలు నిండుగా చాచేది. పిందె దగ్గరికొచ్చేసరికి అది దానంతటదే మడతపడేది.

"చాచే అమ్మా!" అనేదాన్ని నేను.

"నువ్వు సప్పుడు జెయ్యకు టీచరమ్మా. పోరనికి తెల్వాలె, పిందె బతకాలె!"

ఒక పాదు ఎండిపోయింది, అమ్మ ఇంకోటి పెట్టింది. ఒక సాయంత్రం అన్న డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు, వదిన దండెం మీది బట్టలు తీస్తోంది, అమ్మ గడపలో కూర్చుని ఉంది. బుడ్డోడు పందిరి కింద నిలబడి చెయ్యి పైకెత్తాడు. వేలు మడిచి ఉంది. అచ్చం వాళ్ల బాపమ్మలాగే, కణుపుతో, ఒక పిందెకేసి చూపించాడు. ఆ తర్వాత మెడ తిప్పి మా అమ్మ మొహంలోకి చూశాడు. చూసిందా లేదా అని.

"సూసిన బిడ్డా! సూసిన!" అమ్మ పరుగెత్తుకెళ్లి, జన్మలో మొదటిసారి పిందెల వైపు వేలు నిండా చాచి పందిరంతా చూపించింది. "అగో ఇంకోటి! అగో, గది సూడు! రాలితే రాలనియ్, అన్ని రాలనియ్!" వదిన తీసిన బట్టలు పట్టుకునే కూలబడి ఏడ్చింది, నవ్వింది. (ఒక్క పిందె కూడా రాలలేదు. మేం సొరకాయ కూర తినలేక చచ్చాం.)

బుడ్డోడు ఇప్పుడు నాకంటే పొడుగు. మాటలు కొన్నే, కానీ వాడికి చాలు. బొగ్గు రైలునైనా, చందమామనైనా, మిర్చి బజ్జీనైనా వేలు మడిచే చూపిస్తాడు. నేను ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే పనిలోకి మారాను. సలహాలు తగ్గాయి, ప్రశ్నలు పెరిగాయి. ఏ తల్లయినా వచ్చి మావాడు వేలు చూపించడంటే, మీ ఇంట్లో సొరపాదు ఉందా అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది.

ఫ్రిజ్ తలుపు తీయడం వాడికిప్పుడు బాగానే వచ్చు. అయినా దాహమైతే వచ్చి నా చెయ్యి పట్టుకుంటాడు, మొహంలోకి చూస్తాడు, అటుకేసి వేలు మడుస్తాడు. ఆ రోజుల్లోని టీచరమ్మ అయితే ఇది ప్రేమేనని కాలనీ అంతా చాటేది. నేను ఎవరికీ చెప్పను. నవ్వుకుంటూ లేచి నీళ్లిస్తాను.