కర్ర ఇచ్చే ముందు మా నాన్న అడిగే మాట

బుల్లీ...

నిన్న కూడా నీ నంబరుకి చేశాను. స్విచాఫ్ అని చెబుతుంటే పెట్టేయబుద్ధి కాక మళ్ళీ చేశాను.

"తాతయ్య కర్రసాము సంగతి రాయమ్మా, అందరూ చదువుతారు" అని ఎన్నిసార్లు పోరావో. ఫోన్లో తెలుగు కొట్టడం కూడా నువ్వే నేర్పావు. ఐదో క్లాసుతో ఆగిపోయినదాన్ని... రేపు రాస్తాలే, ఎల్లుండి రాస్తాలే అన్నాను. ఇవాళ రాస్తున్నానే తల్లీ. చదవడానికి నువ్వు లేవు.

మా చిన్నప్పుడు... డెబ్బైల్లో మాట... నరసాపురం దగ్గర గోదారి ఒడ్డు ఊరు మాది. సాయంత్రం పొలం పనులయ్యాక మా నాన్న మా కళ్ళంలో కర్రసాము నేర్పేవాడు. వెదురు కర్రలకి ఆముదం రాసి నున్నగా ఉంచేవాడు. కర్ర చేతికిచ్చే ముందు ఎవరినైనా ఒకటే అడిగేవాడు.

"ఏరా, తిన్నావా?"

తినకపోతే కర్ర లేదు. ముందు మా వంటింటికి నడవాల్సిందే. అమ్మ మజ్జిగన్నంలో మాగాయ ముక్క వేసి పెట్టేది. కొందరు సిగ్గుపడి అబద్ధమాడేవారు.

"తిన్నానండి గురువుగారూ."

"ఏం కూర్రా?"

"వంకాయండి."

"నిన్నా వంకాయే, మొన్నా వంకాయే. మీ పెరట్లో మొక్కైనా లేదు కదరా, కల్లో కాసిందా?"

అందరూ గొల్లున నవ్వేవారు. వాడూ నవ్వుతూనే వంటింటి వైపు నడిచేవాడు.

"ఆడపిల్లకి కర్రేంట్రా, రేపు మొగుణ్ణి కొట్టడానికా?" అని నాయనమ్మ గోల పెట్టినా నాన్న నాకూ నేర్పాడు. మా తమ్ముడు చిన్నోడు కందికంప పట్టుకుని నా పక్కనే గెంతేవాడు.

కొట్టడం తొందరగానే వచ్చేసేది. మిగతా రోజులన్నీ ఆపడానికే. నాన్న ఎదురుగా నిలబడి "గట్టిగా తిప్పి, నా ముక్కు ముందు ఆపు" అనేవాడు. ఆపలేకపోతే ఆ పూటకి కర్ర లాగేసుకునేవాడు.

"ఆకలి మీదున్నవాడి కర్ర ఆగదురా. కోపం మీదున్నవాడిదీ ఆగదు. మీ కోపం నేను తియ్యలేను, ఆకలైతే తియ్యగలను కదా" అనేవాడు.

ఓ ఏడు గోదారి వరద మీద ఉంది... మా రేవులో పడవ నడిపే వీర్రాజు, వద్దంటున్నా వినకుండా జనాన్ని ఎక్కించుకున్నాడు. నడి గోదాట్లో పడవ ఒరిగిపోయింది. అందరూ ఎలాగో ఒడ్డుకొచ్చారు. మా చిన్నోడు రాలేదు. మర్నాడు దొరికాడు...

నాన్న వీర్రాజు బుర్ర బద్దలుకొడతాడని ఊరంతా అనుకుంది. బాబాయిలు కర్రలు తెచ్చి అరుగు మీద పెట్టారు కూడా. నాన్న వాటిని ముట్టుకోలేదు. పక్కింటివాళ్ళు తెచ్చిన అన్నం ముందు పెట్టుకుని తిన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు విస్తట్లో పడుతున్నాయి, తింటూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చిన్నోడు పోతే నీకు అన్నం ఎలా దిగుతోంది నాన్నా?"

"దిగట్లేదమ్మా. దించుతున్నాను" అన్నాడు. "ఇవాళో రేపో వీర్రాజు ఎదురుపడతాడు. తినకుండా ఉన్నానంటే చంపేస్తాను."

ఆ సాయంత్రం వీర్రాజు తనే కళ్ళంలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కొట్టండి గురువుగారండీ. నాకింక బతకాలని లేదండి."

నాన్న కర్ర తీసి తిప్పాడు... ఆ గాలి చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వీర్రాజు కణత దగ్గరికొచ్చి ఆగిపోయింది. వెంట్రుకలు కదిలాయంతే. నాన్న కర్ర అక్కడే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా, తిన్నావా?" అన్నాడు.

వీర్రాజు లేదని తలూపాడు.

"అమ్మాయ్... వీడికి అన్నం పెట్టు" అని నాతో చెప్పి, కర్ర పడేసి గడ్డిమేటు వెనక్కి వెళ్ళిపోయాడు. అక్కడ తిన్నదంతా కక్కుకుంటున్న చప్పుడు వినపడింది. నేను కంచం తెచ్చి ఆ మనిషి ముందు విసురుగా పెట్టాను.

నాన్న క్షమించాడని అనుకోకండి. చచ్చేదాకా వీర్రాజుతో మాట్లాడలేదు, ఆ పడవ ఎక్కలేదు. ఎండలో ఇంకో రేవు దాకా నడిచి వెళ్ళేవాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మా బుల్లి పోయి నాలుగు నెలలండి. ఆఫీసు నుంచి స్కూటీ మీద ఇంటికొస్తుంటే, ఫోను చూసుకుంటూ వ్యాను నడుపుతున్న ఒకడు గుద్దేశాడు. కేసు నడుస్తోంది. వాడి ఫొటో, పేరు, ఊరు మా వాళ్ళే నా ఫోనుకి పంపారు. "అందరూ చూసేలా గ్రూపులో పెట్టక్కా, వాడింటి మీదకి జనం వెళ్ళాలి" అంటున్నారు.

ఫొటోలో కొత్త చొక్కా వేసుకుని నవ్వుతున్నాడండి. నా పిల్ల బూడిదైపోయింది, వాడు నవ్వుతున్నాడు. రోజూ ఆ ఫొటో తీసి, వేలు దాని మీద పెట్టి కూర్చుంటున్నాను. ఒక్కసారి నొక్కితే చాలు. అన్నం సహించట్లేదు. ఎందుకు తెల్లారుతోందో కూడా తెలియట్లేదు.

ఇవాళ మా ఆయన మాగాయ కలిపి, పళ్ళెం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. తోసేయబోయాను... విస్తరి ముందు కూర్చున్న నాన్న గుర్తొచ్చాడు. దించాను బుల్లీ. నాలుగు ముద్దలు దించాను. ఆ తర్వాతే ఫోను పట్టుకున్నాను.

ఫొటో పెట్టట్లేదు. చెప్పాల్సింది కోర్టులో చెబుతాను. కోపం పోలేదు, పోదు కూడా. రేపు మళ్ళీ ఆ ఫొటో తీస్తానేమో, ఆగగలనో లేదో నాకే తెలియదు. ఇవాళ్టికి ఆపాను.

మా కళ్ళం ఇప్పుడు చేపల చెరువైపోయింది. కర్ర పట్టేవాళ్ళు లేరు. అందరి చేతుల్లోనూ ఫోన్లే... అవి చేతికిచ్చే ముందు తిన్నావా అని అడిగేవాళ్ళే లేరు.

మీ ఊళ్ళో సాము నేర్పినవాళ్ళుంటే కింద రాయండి, చదువుకుంటాను. రాసే ముందు మాత్రం అన్నం తినండి. కడుపునిండా తినండి.