దిండి బోటుకు ఆగ్నేయం ఎటు?

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోను. "మేడం గారూ, మా బోటు దానంతటదే ఎదురొడ్డుకి వెళ్లిపోతోందండి. రేపు మూడింటికి తనిఖీ ఆఫీసరు గారొస్తారు. తిన్నగా నడవకపోతే పర్మిషన్ ఇవ్వరు. కార్తీకమాసం బుకింగులన్నీ పోతాయండి," అన్నారు దిండి నుంచి వెంకటరాజు గారు.

ఆయన కొబ్బరి రైతు. దాచుకున్నదంతా పోసి రెండు గదుల హౌస్‌బోటు కట్టించుకున్నారు. గోదావరిలో షికారు తిప్పడానికి దానికి, స్టీరింగు ముట్టకుండానే నడిపే ఆటోపైలట్ కూడా పెట్టించారు. నేను కాకినాడ హార్బరులో చేపల బోట్లకు జీపీఎస్‌లు, ఆటోపైలట్లు బాగుచేస్తాను. సముద్రంలో దారి తప్పిన బోట్లను చాలా చూశాను. రెండు ఒడ్లూ కనబడుతుండగా దారి తప్పేదాన్ని మాత్రం చూడలేదు. అందుకే మరునాడు పొద్దున్నే అమలాపురం బస్సెక్కాను.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. కాకినాడ నుంచి యానాం మీదుగా అమలాపురం చేరి, అక్కడ పాలకొల్లు బస్సు ఎక్కి, చించినాడ వంతెనకు ముందే దిండిలో దిగిపోవాలి. అమలాపురంలో పెసరట్టు తినే వ్యవధి ఉంటుంది. ఉప్మా మాత్రం వద్దు, నేను తిని చెబుతున్నాను.

పాలకొల్లు బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన క్షీరారామం దర్శనానికి వెళ్తున్నారట. నా ఒళ్లోని మీటర్లు, వైర్లు చూసి, "ఏంటమ్మా, టీవీ రిపేరా?" అన్నారు. బోటుకండీ అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ఈత వచ్చుండాలే," అన్నారు. రాదని చెప్పాను. ఆ తర్వాత నా వంక జాలిగా చూడడం మొదలుపెట్టి, దిండి వచ్చేదాకా ఆపలేదు.

పదకొండు దాటాక రేవుకు చేరాను. బోటు బాగుంది, మామిడాకులు కూడా కట్టారు. వెంకటరాజు గారి ముఖమే బాగాలేదు. ముందు కొబ్బరినీళ్లు తాగించి, తర్వాత బోటు కట్లు విప్పించారు.

సరంగు చేత్తో నడిపితే బోటు బుద్ధిగా దక్షిణానికి పోయింది. కానీ జీపీఎస్ తెర మీద బోటు బొమ్మ ముక్కు తూర్పుకు తిరిగి ఉంది. అంటే మేం పీతలా అడ్డంగా నడుస్తున్నామని ఆ యంత్రం నమ్మకం. తెర మీద అదే దక్షిణం దారి పెట్టి ఆటోపైలట్ నొక్కాను. బోటు గిర్రున పడమటికి తిరిగి, ఎదురొడ్డు కొబ్బరిచెట్ల వైపు బయలుదేరింది. సరంగు గబగబా స్టీరింగు అందుకున్నాడు.

యంత్రానికి దిక్కు చెప్పే చిన్న పెట్టె ఒకటుంటుంది. దాని మీద బాణం గుర్తుంటుంది. ఆ బాణం బోటు ముక్కు వైపే ఉండాలి. ఆ పెట్టె ఎక్కడండీ అని అడిగితే వంటగదిలోకి తీసుకెళ్లారు. పెట్టె నిండా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. తుడిస్తే కింద బాణం కనబడింది. అది ముక్కు వైపు కాదు, ఎడమ పక్కకు తిరిగి ఉంది.

"ఎవరు తిప్పారండీ దీన్ని?"

"వాస్తు చూసే సిద్ధాంతి గారండి. కరెంటు సామానంతా ఆగ్నేయంలో, తూర్పుకి చూస్తూ ఉండాలన్నారు. తిప్పిన వారంలోనే పది బుకింగులొచ్చాయి. దాన్ని మాత్రం కదపద్దండి."

నాకు ఒళ్లు మండింది. అది రేవులో ఉన్నప్పటి తూర్పు, బోటు తిరిగితే తూర్పు మారిపోతుందని ఎన్ని రకాలుగా చెప్పినా, ఆయన అన్నింటికీ "నిజమేనండి" అంటూ పెట్టెకు అడ్డంగా నిలబడ్డారు. అప్పటికే ఒంటిగంట అయింది. ఇక లాభం లేదని సిద్ధాంతి గారినే పిలిపించమన్నాను.

మలికిపురం నుంచి బండి మీద వచ్చారాయన. మర్యాదస్తులు. బోటును నది మధ్యకు తీసుకెళ్లి, మెల్లగా గుండ్రంగా తిప్పమని సరంగుకు చెప్పాను. సిద్ధాంతి గారు ఫోనులో దిక్సూచి పెట్టుకుని ఆగ్నేయం వెంట నడిచారు. వెనకాల వెంకటరాజు గారు, ఆయన వెనకాల నేను. ఆగ్నేయం వంటగదిలోంచి పడకగదిలోకి వెళ్లింది, అక్కణ్ణుంచి వరండాలోకి వచ్చింది, చివరకు మరుగుదొడ్డి తలుపు దగ్గర ఆగింది. వెంకటరాజు గారు కళ్లు మూసుకున్నారు. నవ్వాపుకోవడానికి నేను గోదావరి వైపు తిరిగాను.

సిద్ధాంతి గారు ఫోను జేబులో పెట్టుకున్నారు. తర్వాత తీర్పు చెప్పారు. "కట్టేసి ఉంటే ఇది ఇల్లండి. కట్టు విప్పితే వాహనం. వాహనానికి గృహవాస్తు వర్తించదు. విప్పినప్పుడు అమ్మాయి గారు చెప్పినట్టు ముక్కు వైపు తిప్పండి. కట్టేశాక మళ్లీ తూర్పుకి తిప్పుకోండి."

నేను అంతసేపు గొంతు చించుకున్నదీ అదే. ఆయన నోట రాగానే వెంకటరాజు గారు స్వయంగా స్క్రూడ్రైవరు అందించారు. పెట్టె తిప్పి, సెట్టింగులు సరిచేసి, బోటును ఆటోపైలట్ మీద వంతెన దాకా నడిపి తీసుకొచ్చాను. ఎక్కడా పక్కకు పోలేదు. ఆఫీసరు గారు వచ్చేసరికి కొత్త బొట్టు కూడా పెట్టేశారు, ఈసారి బాణం కనబడేలా.

తనిఖీ అయ్యేదాకా ఉంటే అమలాపురంలో కాకినాడ బస్సు అందదు. రోడ్డు మీదకొచ్చి అమలాపురం బస్సెక్కాను. రాజోలు దాటాక వెంకటరాజు గారి ఫోను. "పర్మిషనిచ్చేశారండి. గీత గీసినట్టు నడిచింది. ఇంత బాగా ఎవరు చేశారని ఆఫీసరు గారు అడిగారండి."

"ఏం చెప్పారండీ?"

"సిద్ధాంతి గారని చెప్పానండి. ఆయన నంబరు రాసుకున్నారు."

ఆయన సంతోషానికి నాకూ సంతోషమే కలిగింది. కానీ నా పేరు ఎగిరిపోయినందుకు ఉక్రోషం వచ్చిందనీ చెప్పాలి. దారిపొడవునా కొబ్బరితోటలు ఎంతో అందంగా ఉంటాయని అందరూ రాస్తారు. ఆ పూట నాకవి కనబడలేదు.

అమలాపురం చేరుతుండగా సిద్ధాంతి గారే ఫోను చేశారు. ఆఫీసరు గారికి తెలిసినవారి లాంచీ ఒకటి నరసాపురంలో ఇలాగే పక్కకు పోతోందట.

"మంగళవారం తొమ్మిదింటికి ముహూర్తం పెట్టేశానమ్మా. సామాను తెచ్చుకోండి. మాట్లాడడం మాత్రం నాకొదిలేయండి," అన్నారు.

వస్తానన్నాను.