ఎండిన చెరువులో తెరచాప

ఈ సంగతి ఇప్పటికి చాలామందికి చెప్పాను. ఒక్కరూ చివరిదాకా వినలేదు. వీధిలోవాళ్లు నవ్వారు. నా భార్య "మళ్లా మొదలుపెట్నావా" అని లేచిపోయింది. స్నేహితులనుకున్న ఇద్దరూ నన్ను వాట్సాప్ గ్రూపులోంచే తీసేశారు. అందుకే రాస్తున్నాను. రాసేవాణ్ణి మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు.

దయ్యాలను నేను నమ్మను. కళ్యాణదుర్గంలో పద్దెనిమిదేళ్లుగా టార్పాలిన్ పట్టలు కుడుతున్నాను. వేరుశనగ కుప్పల మీద కప్పే పట్టలు. నా కొట్టు వెనకే శ్మశానం. ఇన్నేళ్లలో అక్కడ కుక్కలు తప్ప ఏమీ చూడలేదు.

మరియదాసు నాతో చదువుకున్నవాడు. కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చాడు. ఓబులేసు మాకంటే రెండేళ్లు చిన్న. గాలిమరల మీదికెక్కి బోల్టులు బిగించే పని అతనిది. ఫోన్లో విండ్ సర్ఫింగ్ వీడియోలు చూసి చూసి అతనికి పిచ్చి పట్టింది. పలక మీద తెరచాప ఉంటుంది. దాన్ని పట్టుకుని నిలబడితే గాలే నీళ్ల మీద లాక్కుపోతుంది.

"మనకు తెలిసినంత గాలి ఆ తెల్లోళ్లకు తెలుసునా అన్నా? పుట్టినప్పటి నుంచి గాలితోనే కదా బతుకుతాండేది" అన్నాడు.

నిజమే. గాలి మాకు కొత్త కాదు. కొత్తదల్లా నీళ్లే. ముగ్గురిలో ఒక్కడికీ ఈత రాదు.

శ్రీలంక పోదామనుకున్నాం. చెన్నై నుంచి విమానం. అక్కడ ఒక ఆటో అద్దెకు తీసుకుంటే మరియదాసు తోలుతాడు. పడమటి తీరం వెంట పైకి పోతే, గాలి బాగా వీచే ఉప్పునీటి సరస్సు ఒకటి ఉందట. హోటళ్లు వద్దు, ఆటోలోనే పడక. రాగిపిండి, శనక్కాయల పొడి ఇంటి నుంచే మోసుకుపోవాలి. నేను పెట్టిన షరతు ఒక్కటే. ముందు అనంతపురంలో నెల రోజులు ఈత నేర్చుకోవాలి. ప్రయాణం కాగితంలో మొదటి వరుస అదే. నా చేత్తోనే రాశాను.

"బకెట్లో నీళ్లు చూసినా భయపడతావు కదప్పా తిప్పేసామీ" అన్నాడు మరియదాసు. టీకొట్టు దగ్గర, నలుగురి ముందు. ఆ మాట నేను మరిచిపోలేదు.

నీళ్లు లేవు కాబట్టి పలకకు బేరింగ్ చక్రాలు బిగించి, ఎండిన చెరువులో సాధన చేద్దామన్నారు. తెరచాప నేనే కుట్టాను. కొత్త నీలం పట్ట, రెండు వరసల కుట్టు, మూలల్లో ఎర్ర దారం. నా కొట్టులోంచి పోయే ప్రతి పట్టకూ ఆ ఎర్ర దారం ఉంటుంది. ఇది గుర్తుంచుకోండి.

ఆషాఢం. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటింది. చెరువు నేల నెర్రెలు విచ్చి బండలా ఉంది. కళ్లంలో తూర్పారబట్టే ముందు చూసినట్టే, ఓబులేసు చేటలో పొట్టు ఎగరేసి గాలి వాటం చూశాడు. కట్ట మీద గొర్రెలు మేపుతున్న లక్ష్మక్క కేకేసింది.

"ఏమప్పా, చెరువులోకి దిగుతాండారే, గంగమ్మకు టెంకాయ కొట్టినారా?"

మా పక్క చెరువు నిండితే ముందు గంగమ్మకు పూజ చేస్తారు. అది కాందే ఎవరూ నీళ్లలో కాలు పెట్టరు.

"నీళ్లే లేవు కదక్కా, ఇంక గంగమ్మ యాడుండాది?" అన్నాడు ఓబులేసు.

"నీళ్లు పోతే ఆయమ్మ కూడా పోయిందని నీకెవరు చెప్పినార్రా?"

మేం ముగ్గురమూ నవ్వాం. నేను కూడా నవ్వాను. ఒప్పుకుంటున్నాను.

ఓబులేసు పలకెక్కి రెండుసార్లు బాగానే పోయి వచ్చాడు. మూడోసారి పెద్ద గాలి లేచింది. తెరచాప చెరువు మధ్యకు దూసుకుపోయి దుమ్ములో కలిసింది. దుమ్ము తగ్గేసరికి అక్కడ ఏమీ లేదు. పలక లేదు, మనిషి లేడు. దాక్కోవడానికి ఒక్క తుమ్మచెట్టయినా లేని చోటు అది. మరియదాసు "యేసయ్యా" అంటూ పరుగెత్తాడు. అనలేదంటాడు ఇప్పుడు.

పావుగంట వెతికాం. అప్పుడు ఓబులేసు, మేం అప్పటికే రెండుసార్లు తిరిగొచ్చిన దిక్కు నుంచే నడిచి వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా తడిసిపోయి ఉన్నాడు. చెవుల్లో నల్లటి బురద. జేబులోంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి పట్టుకుంటే, ఆ ఎండలో, రాయిలా చల్లగా ఉంది. పలక ఏదిరా అన్నాను.

"ఆడే ఉండాది. లోతేం లేదులే అన్నా" అన్నాడు.

మర్నాడు పొద్దున వెతకడానికి పోయాం. చెరువు మధ్యలో, నేల మీద జానెడు కర్ర కొన కనిపించింది. మా తెరచాప కర్ర. దాని చుట్టూ నేల పెచ్చు ఒక్కటి కూడా చెదరలేదు. మరియదాసు గడ్డపారతో పొద్దు నడినెత్తికొచ్చేదాకా తవ్వాడు. నడుము లోతున పలక దొరికింది. కొత్త బేరింగులు తుప్పుతో బిగుసుకుపోయాయి. పట్ట నీలం పోయి తెల్లబడింది, మడతల్లో ఎండిన నాచు. మూలల్లో నా ఎర్ర దారం. నేను దాన్ని కుట్టి అయిదు రోజులయింది.

ఫోటోలు తీశాను. చూపిస్తే, ఏదో పాత పట్ట అంటారు. నా కుట్టు నాకు తెలియదా? మెత్తటి చోట దిగబడిందిలే అంటాడు మరియదాసు. మెత్తటి నేల తవ్వితే అరచేతుల్లో బొబ్బలు లేస్తాయా?

ఆ సాయంత్రం టీకొట్టులో ఓబులేసు ప్రయాణం కాగితం తీసి మొదటి వరుస కొట్టేశాడు.

"ఈత నేర్చుకునే పని లేదన్నా. నాకు వచ్చింది."

నన్ను ఎగతాళి చేసే అవకాశం ఎన్నడూ వదలని మరియదాసు ఆ రోజు నవ్వలేదు. తల దించుకుని టీ తాగాడు. అంటే వాడికీ తెలుసు. ఈత రానివాణ్ణి సముద్రంలో దించొద్దని గట్టిగా అడిగాను. మర్నాటికి నేను గ్రూపులో లేను.

టికెట్లు తీసుకున్నారట. వచ్చే వారమే ప్రయాణం.

నిన్న ఓబులేసు భార్య రమణమ్మ కొట్టుకు వచ్చింది. "పట్ట ముక్క ఉంటే ఇయ్యన్నా, చాప కింద పరుచుకోవల్ల" అంది. ఎందుకమ్మా అన్నాను.

"ఆయప్ప పండుకున్న చోటల్లా తడుస్తాండాది. తల ఎంత తుడిచినా ఆరదు. చెరువులో ఏం జరిగిందన్నా?"

మంచి ముక్క చూసి ఇచ్చాను. మరియదాసును అడగమన్నాను.

మరియదాసూ, నువ్వు చూసింది చూసినట్టు రమణమ్మకు చెప్పు. నాకు చెప్పకపోయినా సరే.

ఓబులేసూ, నన్ను గ్రూపులోంచి తీసేసిన సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నీళ్లలో దిగే ముందు ఒక్కసారి నా కొట్టుకు రా. ఎదురుగా కూర్చుని ఒక్కదానికి జవాబు చెప్పు.

చుక్క నీళ్లు లేని చెరువులో, పావుగంటలో, నీకు ఈత నేర్పింది ఎవరు?